కస్టర్ పతనం - వీరరసం పుట్టుక

వీరరసానికి స్థాయీభావం ఉత్సాహమని మన ఆలంకారికులు చెప్పారు. యుద్ధవీరుడు, దానవీరుడు, దయావీరుడు అని భేదాలు చేశారు. నాయకుణ్ణి ధీరోదాత్తుడనీ, ధీరోద్ధతుడనీ వర్గీకరించారు. ఎం.ఏ. తెలుగు చదివే రోజుల్లో వీటిని నేను కంఠతా పట్టాను. ఇప్పటికీ అవసరమైనచోట పిల్లలకు చెబుతూనే వున్నాను. అయితే ఆ ఉత్సాహం ఎవరి నేల మీద నిలబడి, ఎవరి మీదికి దూకుతోంది అని ఆ నిర్వచనం అడగదు. ఆ ప్రశ్న వేయవలసిన బాధ్యత విమర్శకుడిది. ఆ బాధ్యతలో నేనొకసారి తప్పాను. ఆ తప్పుతోనే ఈ వ్యాసం మొదలుపెడతాను.

విద్యార్థి దశలో నాకు వాల్ట్ విట్మన్ అంటే ప్రాణం. సామాన్యుణ్ణి కవితలోకి తెచ్చినవాడనీ, ఛందస్సు సంకెళ్ళు తెంచినవాడనీ ఆయన్ని గురించి ఎక్కడ అవకాశం దొరికినా మాట్లాడేవాణ్ణి. ఒక సాహిత్య సభలో, వచన కవితలో వీరరసం ఎలా పలుకుతుందో చూపించడానికి, జనరల్ కస్టర్ మరణం మీద ఆయన రాసిన కవితను ఎత్తుకున్నాను. సభ చప్పట్లు కొట్టింది. చాలా ఏళ్ళ తరువాత అదే కవితను మా బడిలో పదో తరగతి పిల్లలకు తెలుగులో వివరిస్తుంటే, వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి, "ఆయన అంత దూరం ఎందుకెళ్ళాడు మాస్టారూ? అక్కడ వాళ్ళ వూరేమన్నా వుందా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. సెలవులివ్వగానే కస్టర్ చరిత్ర చదవడం మొదలుపెట్టాను. ఆ అమ్మాయికి ఇవ్వవలసిన జవాబే ఈ వ్యాసం.

జార్జ్ ఆర్మ్‌స్ట్రాంగ్ కస్టర్ 1839 డిసెంబరు 5న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో న్యూ రమ్లీ అనే చిన్న వూళ్ళో పుట్టాడు. తండ్రి కమ్మరి. సైనిక పాఠశాలలో చేరకముందు కస్టర్ కొంతకాలం పల్లెబడిలో పంతులుగా పనిచేశాడు. మా వృత్తివాడే అన్నమాట! వెస్ట్ పాయింట్ సైనిక కళాశాలలో చదువుకన్న అల్లరి ఎక్కువ. 1861లో 34 మంది పట్టా పుచ్చుకుంటే అతనిది 34వ స్థానం. మామూలు రోజుల్లో అయితే అతని పేరు మనకు తెలిసేది కాదు. కాని ఆ సంవత్సరమే ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య అంతర్యుద్ధం మొదలయింది. గుర్రం మీద ముందువరసలో దూకేవాడి అవసరం సైన్యానికి కలిగింది. 1863 జూన్ చివర, 23 ఏళ్ళ వయసులో అతను బ్రిగేడియర్ జనరల్ అయ్యాడు. కొద్ది రోజులకే గెటీస్‌బర్గ్ యుద్ధంలో మిషిగన్ అశ్వికులను తానే ముందుండి నడిపాడు. పొడుగు జుట్టు, మెడలో ఎర్రని రుమాలు, మఖమలు కోటు. పత్రికలకు ఇంతకంటె ఏం కావాలి? 'బాల సేనాని' అన్న పేరు దేశమంతా పాకింది.

ఇక్కడ ఒక విషయం ఒప్పుకోవాలి. కస్టర్ ధైర్యవంతుడు. ఆ యుద్ధంలో అతను పోరాడిన పక్షం బానిసత్వం రద్దుకు కారణమైన పక్షం. అతని కథ 1865లో ఆగిపోయివుంటే నాకు ఈ వ్యాసం రాయవలసిన పని వుండేది కాదు. ధైర్యం అలాగే వుండగా, దాన్ని వాడుకునే పని మారిపోయింది. అసలు కథ అక్కడ మొదలవుతుంది.

యుద్ధం ముగిసింది. సైన్యం చిక్కిపోయింది. తాత్కాలిక జనరల్ హోదా పోయి, 1866లో కొత్తగా ఏర్పడిన 7వ అశ్వికదళంలో కస్టర్ లెఫ్టినెంట్ కల్నల్‌గా తేలాడు. దళానికి పేరుకు పైన ఒక కల్నల్ వున్నా, మైదానంలో నడిపించేది ఇతనే. పడమటి సరిహద్దు మైదానాల్లో రైలు మార్గాలకూ, వలస వచ్చే తెల్లవారికీ దారి చెయ్యడం ఆ దళం పని. ఆ దారికి అడ్డంగా వున్నవి ఎడారులు కావు. అడవిదున్నల మందల వెంట తిరుగుతూ బతికే షెయెన్, లకోటా, అరపాహో ప్రజల జీవితాలు. మనం అలవాటుగా 'రెడ్ ఇండియన్లు' అనేస్తూ వచ్చినది వీళ్ళనే.

మొదటి సంవత్సరమే కస్టర్ దెబ్బతిన్నాడు. 1867లో అనుమతి లేకుండా దళాన్ని వదిలి భార్యను చూడడానికి వెళ్ళాడనీ, పారిపోతున్న సైనికులను విచారణ లేకుండా కాల్చమని ఉత్తర్వులిచ్చాడనీ సైనిక న్యాయస్థానం అతన్ని విచారించింది. ఏడాదిపాటు హోదా, జీతం నిలిపివేసింది. ఆ గడువు పూర్తి కాకముందే, 1868లో, జనరల్ షెరిడన్ అతన్ని వెనక్కి పిలిపించాడు. కారణమేమిటి? గుర్రాలు చిక్కిపోయి, మంచులో గుడారాలు కదలలేని చలికాలంలో గ్రామాల మీద పడాలన్నది షెరిడన్ పథకం. అలాంటి పనికి వెనకాముందాడనివాడు కావాలి.

1868 నవంబరు 27 తెల్లవారుజామున వాషిటా నది ఒడ్డున నిద్రపోతున్న షెయెన్ గ్రామాన్ని కస్టర్ దళం నాలుగు దిక్కులా చుట్టుముట్టింది. ఆ గ్రామ పెద్ద బ్లాక్ కెటిల్. నాలుగేళ్ళ క్రితం, 1864లో, శాండ్ క్రీక్ దగ్గర జరిగిన ఊచకోతలో ప్రాణాలతో బయటపడినవాడు. వాషిటా దాడికి కొద్దిరోజుల ముందే ఫోర్ట్ కాబ్‌కు వెళ్ళి శాంతి కోసం మాట్లాడి వచ్చినవాడు. అతనూ, అతని భార్యా ఆ ఉదయం చనిపోయారు. 103 మంది యోధులను చంపామని కస్టర్ నివేదిక. షెయెన్లు చెప్పిన లెక్కలో యోధులు చాలా తక్కువ. మిగిలినవారు ఆడవాళ్ళు, పిల్లలు. 53 మంది స్త్రీలను, పిల్లలను బందీలుగా తీసుకుపోయారు. 800కు పైగా గుర్రాలను, కంచరగాడిదలను కాల్చి చంపారు. సంచారజీవులకు గుర్రం పోవడమంటే రైతుకు ఎద్దులూ, నాగలీ, గింజలూ ఒక్కసారే పోవడం వంటిది.

ఆ రోజే మేజర్ ఇలియట్ అనే తన అధికారి ఒక చిన్న దళంతో వెళ్ళి తిరిగి రాలేదు. అతనికేమయిందో తేల్చకుండానే కస్టర్ వెనక్కి మళ్ళాడు. వాళ్ళంతా చనిపోయారు. దళంలోని కెప్టెన్ బెంటీన్ దీన్ని జీవితాంతం క్షమించలేదు. ఎనిమిదేళ్ళ తరువాతి కథలో బెంటీన్ మళ్ళీ వస్తాడు, పాఠకులు గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు నేలను గురించి చెప్పాలి. 1868లో ఫోర్ట్ లారమీ ఒప్పందంలో అమెరికా ప్రభుత్వం, మిస్సోరీ నదికి పడమరనున్న విశాలమైన ప్రాంతాన్ని లకోటాలదిగా ఒప్పుకుంది. వాళ్ళు పవిత్రంగా భావించే బ్లాక్ హిల్స్ కొండలు అందులోవే. వయసు వచ్చిన పురుషుల్లో నాలుగింట మూడువంతుల మంది సంతకం లేకుండా ఆ భూమిలో ఏ భాగాన్నీ తీసుకోరాదని అందులో రాసుకున్నారు. అయిదేళ్ళు తిరిగాయి. 1873లో నార్తర్న్ పసిఫిక్ రైలుమార్గానికి డబ్బు సమకూర్చిన జే కుక్ బ్యాంకు కూలిపోయింది. దేశమంతా ఆర్థిక సంక్షోభం కమ్ముకుంది. పనులు లేవు. సరిగ్గా అప్పుడు, 1874 వేసవిలో, దాదాపు వెయ్యిమందితో, వందకు పైగా బళ్ళతో, భూగర్భ శాస్త్రజ్ఞులతో, ఒక బ్యాండుమేళంతో, పత్రికా విలేఖరులతో కస్టర్ బ్లాక్ హిల్స్‌లోకి వెళ్ళాడు. బంగారం వుందన్న వార్త బయటికి వచ్చింది. పనిలేని జనం ఒప్పందాన్ని తొక్కుకుంటూ కొండల్లోకి పరుగెత్తారు.

సాహిత్య విద్యార్థులు ఇక్కడ ఆగాలి. అదే 1874లో కస్టర్ తన పుస్తకం అచ్చువేశాడు. అంతకుముందు 'గాలక్సీ' అనే పత్రికలో వ్యాసాలుగా వచ్చిన తన మైదాన జీవిత కథ అది. శైలి చురుకైనది, చదివించే గుణమున్నది. అందులో ఒకచోట అతను, తానే ఆ జాతిలో పుట్టివుంటే రిజర్వేషన్ హద్దుల్లో బతకడం కంటె మైదానాల్లో స్వేచ్ఛగా తిరిగేవాళ్ళతోనే వుండడానికి ఇష్టపడేవాణ్ణన్న భావం రాశాడు. ఎదుటివాడి మనసు అతనికి తెలుసు. తెలిసి కూడా, ఆ వేసవిలోనే, వాళ్ళ చివరి కొండల్లోకి విలేఖరులను వెంటబెట్టుకుని వెళ్ళాడు. అజ్ఞానం వల్ల జరిగిన అన్యాయాన్ని చదువు సరిదిద్దుతుందని ఉపాధ్యాయులం నమ్ముతాం. తెలిసి చేసినదాన్ని ఏం చెయ్యాలి? బెంటీన్ మటుకు ఆ పుస్తకం పేరులోని 'లైఫ్' అన్న మాటలోంచి ఒక అక్షరం తీసేసి 'లై' చేశాడు. జీవితం కాస్తా అబద్ధమయింది.

కొండలు కొనడానికి ప్రభుత్వం 1875లో బేరం పెట్టింది. లకోటాలు ఒప్పుకోలేదు. ఆ డిసెంబరులో, 1876 జనవరి 31 లోపల అందరూ ప్రభుత్వ ఏజెన్సీలకు వచ్చి హాజరు కావాలని ఉత్తర్వు వెలువడింది. మంచులో కబురే అందని శిబిరాలకు ఆ గడువు! గడువు దాటగానే వాళ్ళు 'శత్రువు'లయ్యారు. యుద్ధం ముందు నిశ్చయమయింది. నేరం తరువాత తయారయింది.

ఆ యుద్ధానికి కస్టర్ దాదాపు వెళ్ళలేకపోయాడు. కోటల్లోని వర్తక లైసెన్సుల అమ్మకంలో యుద్ధమంత్రి బెల్క్‌నప్ లంచాలు తిన్నాడన్న విచారణలో అతను సాక్ష్యమిచ్చి, అధ్యక్షుడు గ్రాంట్ తమ్ముడి పేరు కూడా బయటపెట్టాడు. గ్రాంట్ మండిపడి అతన్ని నాయకత్వం నుంచి తప్పించాడు. జనరల్ టెరీ బతిమాలితే, టెరీ కింద తన దళాన్ని మాత్రం నడుపుకోవడానికి అనుమతి దొరికింది. పోయిన పరువును ఒక్క విజయంతో తెచ్చుకోవాలన్న తొందర అతనిలో వుండడం సహజం. పత్రికా విలేఖరులను వెంట తీసుకుపోవద్దని పైఅధికారి షెర్మన్ చెప్పినా, బిస్మార్క్ పత్రికకు రాసే మార్క్ కెలాగ్ ఆ దళంతో వెళ్ళాడు. కస్టర్‌తోపాటే చనిపోయాడు.

1876 జూన్ 22న టెరీ అతన్ని రోజ్‌బడ్ నది వెంట పంపాడు. అదనంగా ఇస్తామన్న నాలుగు కంపెనీలనూ, గాట్లింగ్ తుపాకులనూ కస్టర్ వద్దన్నాడు. దక్షిణం నుంచి రావలసిన జనరల్ క్రూక్ సైన్యాన్ని జూన్ 17నే లకోటా, షెయెన్ యోధులు నిలువరించారన్న సంగతి అతనికి తెలియదు. జూన్ 25న లిటిల్ బిగ్‌హార్న్ లోయలో పెద్ద శిబిరముందని క్రో, అరికారా వేగులవాళ్ళు చెప్పారు. మనదగ్గరున్న తూటాలకంటె వాళ్ళే ఎక్కువున్నారన్నంతగా హెచ్చరించారు. కస్టర్ భయం వేరు. ఓడిపోతానని కాదు, వాళ్ళు తప్పించుకుపోతారని. దళాన్ని విడగొట్టాడు: మూడు కంపెనీలు మేజర్ రీనోకు, మూడు బెంటీన్‌కు, ఒకటి సామాను కాపలాకు, అయిదు తనకు. రీనో శిబిరం దక్షిణపు కొస మీద పడ్డాడు. ఆ మొదటి కాల్పుల్లోనే గాల్ అనే లకోటా నాయకుడి ఇద్దరు భార్యలూ, ముగ్గురు పిల్లలూ చనిపోయారు. రీనో తిరగబడిన యోధుల ముందు నిలవలేక మిట్టల మీదికి పరుగెత్తాడు. కస్టర్ నది వెంట ఉత్తరంగా సాగాడు. వాషిటాలోలాగే ఆడవాళ్ళనూ, పిల్లలనూ పట్టుకుంటే యోధులు లొంగుతారని అతను లెక్కవేశాడని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. త్వరగా రమ్మని బెంటీన్‌కు చీటీ పంపాడు. బెంటీన్ మిట్ట మీద రీనోను కలిసి అక్కడే చిక్కుపడ్డాడు. కస్టర్‌తో వున్న అయిదు కంపెనీల్లో సుమారు 210 మంది; ఒక్కరూ మిగల్లేదు. చనిపోయినవారిలో అతని ఇద్దరు తమ్ముళ్ళు, ఒక మేనల్లుడు, ఒక బావమరిది వున్నారు. కస్టర్ వయసు 36.

మన పిల్లలు పరీక్షలో 'పతనానికి కారణాలు' అని రాస్తారు. అహంకారం, తొందరపాటు, దళాన్ని చీల్చడం అన్నీ రాయవచ్చు. అవి ఓటమికి కారణాలు. అతను అక్కడికి రావడానికి కారణం మాత్రం వేరే వుంది: రైలు, బంగారం, మాట తప్పిన ప్రభుత్వం. ఎదుటివాళ్ళు ఆ మధ్యాహ్నం గుడారాల్లోని తమ పిల్లల కోసం పోరాడారు. ఈ తేడాను వదిలేసిన ఏ వివరణా పూర్తి వివరణ కాదు.

గెలిచినవాళ్ళకు ఏం మిగిలింది? ఆగస్టులోనే అమెరికా కాంగ్రెసు, కొండలు వదులుకుంటేగాని తిండి రేషను ఇవ్వమని తేల్చింది. 1877లో నాలుగింట మూడువంతుల సంతకాలు లేకుండానే చట్టం చేసి బ్లాక్ హిల్స్ తీసుకుంది. ఆ సెప్టెంబరులోనే క్రేజీ హార్స్‌ను నిర్బంధంలోకి తీసుకోబోతూ పొడిచి చంపారు. సిట్టింగ్ బుల్‌ను 1890 డిసెంబరు 15న చంపారు. రెండు వారాలకు ఊండెడ్ నీ దగ్గర వందల మంది లకోటాలను, ఆడవాళ్ళనూ పసిపిల్లలనూ సహా కాల్చి చంపింది అదే 7వ అశ్వికదళం. అందుకు శౌర్య పతకాలు కూడా ఇచ్చారు.

ఇక కలం సంగతి. కస్టర్ పతనం ఒక మధ్యాహ్నంలో జరిగింది. అతన్ని లేపి నిలబెట్టడానికి యాభై ఏళ్ళు పట్టింది. దేశం నూరేళ్ళ పండుగ చేసుకుంటున్న 1876 జూలై మొదటి వారంలో ఈ వార్త తూర్పు నగరాలకు చేరింది. జూలై 10న విట్మన్ కవిత న్యూయార్కు పత్రికలో అచ్చయింది. అందులో ఆదివాసులు పొంచివుండి దెబ్బతీసినవాళ్ళు; కస్టర్ జాతి వీరత్వానికి చివరి వెలుగు. కాని వాళ్ళు పొంచివుండలేదు. పట్టపగలు తమ గుడారాల మీదికి వచ్చినవాణ్ణి ఎదుర్కొన్నారు. అంతర్యుద్ధంలో ఆస్పత్రుల్లో గాయపడిన సైనికుల పక్కన కూచుని సేవచేసిన మనసు విట్మన్‌ది. ఆ మనసు నిజమైనదే. కాని ఆ వారం ఆయన నమ్మినది పత్రికల మాట.

అదే విషయం మీద లాంగ్‌ఫెలో కూడా ఒక కవిత రాశాడు. విట్మన్ పక్కన లాంగ్‌ఫెలోను పాతకాలపు కవి అని చిన్నచూపు చూడడం మనకు అలవాటు. ఆయన కూడా వాస్తవంలో పొరపడ్డాడు. రెయిన్-ఇన్-ది-ఫేస్ అనే యోధుడు కస్టర్ గుండె కోసుకుపోయాడన్న పుకారును కథగా తీసుకున్నాడు. అది జరగలేదు. అయినా కవిత చివర ఆయన ఆగి, తప్పెవరిది అని అడిగాడు. మనం మాట తప్పడమే ఈ నాశనానికి మూలమని ఒప్పుకున్నాడు. రూపంలో విప్లవం తెచ్చిన కవి అడగని ప్రశ్నను, ఛందస్సులో రాసే పాత కవి అడిగాడు. రూపం కొత్తదయినంత మాత్రాన చూపు కొత్తది కాదని ఇంతకంటె మంచి పాఠం నాకు ఎక్కడా దొరకలేదు. ఆనాటి సభలో నేను మెచ్చుకున్నది రూపాన్నే.

ఆ సంవత్సరం ముగిసేలోపలే, చవక నవలలు రాసే ఫ్రెడరిక్ విట్టేకర్ కస్టర్ జీవిత చరిత్ర అచ్చువేసి, నింద రీనో మీదికీ గ్రాంట్ మీదికీ తోశాడు. భార్య ఎలిజబెత్ 1885, 1887, 1890 సంవత్సరాల్లో మూడు పుస్తకాలు రాసింది. ఆమె దుఃఖాన్ని నేను శంకించను. కాని ఆమె 1933 వరకూ బతికివున్నందున, ఆమె మీది గౌరవంతో చాలామంది నోరు విప్పలేదు. కస్టర్‌ను కీర్తికాముకుడిగా చిత్రించిన పేరుపొందిన జీవిత చరిత్ర 1934లోగాని రాలేదు. 1896 నుంచి ఒక బీరు కంపెనీ కస్టర్ చివరి పోరాటం రంగుల బొమ్మను దేశంలోని మద్యం దుకాణాలకు పంచిపెట్టింది. ఆ బొమ్మలో కస్టర్ పొడుగు జుట్టుతో కత్తి ఎత్తి నిలబడివుంటాడు. నిజానికి అతను ఆ యాత్రకు ముందు జుట్టు కత్తిరించుకున్నాడు. దళం కత్తులను వెనక మజిలీలోనే వదిలివచ్చింది. 1941లో హాలీవుడ్ కూడా అతన్ని మహావీరుణ్ణి చేసింది.

1970లో వచ్చిన 'లిటిల్ బిగ్ మ్యాన్' సినిమా దాన్ని తలకిందులు చేసి, కస్టర్‌ను పిచ్చివాడిగా చూపించింది. వియత్నాం యుద్ధకాలం అది. ఆ కోపం అర్థమయేదే. అయినా ఇది కూడా సగం నిజమే. అతను పిచ్చివాడైతే అతన్ని పంపినవాళ్ళకు శిక్ష తప్పినట్టే. అతన్ని వీరుణ్ణి చేసినప్పుడూ, ఉన్మాదిని చేసినప్పుడూ ఒప్పందం కాగితం, బంగారం లెక్క, రైలు పట్టా తెర వెనకే వుండిపోయాయి. ప్రతినాయకుణ్ణి చిత్రించే మన కథకులు దీన్ని ఆలోచించాలి. దుర్మార్గుడి మీసం ఎంత పెద్దది చేస్తే, దుర్మార్గం వేళ్ళు అంత కనిపించకుండా పోతాయి.

ఎదుటివాళ్ళు తమ కథ చెప్పుకోలేదా? చెప్పుకున్నారు. ఆ యుద్ధంలో పాల్గొన్న రెడ్ హార్స్ అనే లకోటా 1881లో 42 బొమ్మలు గీసి ఇచ్చాడు. గుడారాలు, గుర్రాలు, చచ్చిపడిన సైనికులు, చచ్చిపడిన తమవాళ్ళు. మధ్యలో ఒంటరిగా మెరిసే కథానాయకుడు ఎవరూ లేరు. వినేవాళ్ళు రావడానికి వందేళ్ళు పట్టింది. అమెరికా సుప్రీంకోర్టు 1980లో, బ్లాక్ హిల్స్ తీసుకున్నందుకు వడ్డీతో కలిపి సుమారు 10 కోట్ల 50 లక్షల డాలర్లు చెల్లించవలసివుంటుందని తీర్పు చెప్పింది. ఆ ప్రజలు డబ్బు పుచ్చుకోలేదు, కొండలు కావాలన్నారు. 1991లో ఆ యుద్ధభూమి స్మారకానికి కస్టర్ పేరు తీసేసి నది పేరు పెట్టారు. 2003లో అక్కడ ఆదివాసుల స్మారకం వెలిసింది.

ఓడినవాణ్ణి పాడడం తప్పని నేననడం లేదు. మన బొబ్బిలి కథ ఓడినవాళ్ళ కథే. 1757లో ఫిరంగులతో వచ్చినవాళ్ళు గెలిచారు. కోటలో నిలబడినవాళ్ళు చనిపోయారు. జంగం కథకులు రెండోవాళ్ళను పాడారు. లిటిల్ బిగ్‌హార్న్‌లో చనిపోయినవాడు మీదికి వచ్చినవాడు. రెండుచోట్లా చావు వుంది, తెగువ వుంది, ఉత్సాహమనే స్థాయీభావమూ వుంది. వినేవాడి రోమాలు రెండుచోట్లా నిక్కబొడుస్తాయి. ఆ తేడా చెప్పగలిగేది రసం కాదు. ఆ నేలను గురించిన జ్ఞానం. కవికి ఆ జ్ఞానం లేకపోతే అతని ప్రతిభే అబద్ధానికి బలం అవుతుంది.

ఈ మధ్య ఒక యువ రచయిత తన కథ పట్టుకొచ్చి, "వీరమరణం సన్నివేశం ఎలా వచ్చిందండీ?" అని అడిగాడు. బాగానే వచ్చిందని చెప్పి, ఆ వీరుడు చనిపోయిన చోట అంతకుముందు ఎవరు కాపురముండేవారో కథలో ఎక్కడుందని అడిగాను. అతను కాగితాలు తిరగేసి చూసి, మళ్ళీ రాసుకొస్తానని వెళ్ళాడు. నేను అడిగిన ఆ ప్రశ్న నాది కాదు. వెనక బెంచీలోంచి లేచి నిలబడిన ఆ అమ్మాయిది.